ఏడో గ్రీన్ మీద గీతలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా గోల్ఫ్ మైదానంలో గడ్డి పని చేసే ఆరుగురికీ ఈ సంగతి తెలుసు. ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల మిరపకాయ అంటారు. అనుకోనివ్వండి. తొమ్మిది గ్రీన్‌లు నెత్తిన పెట్టుకున్న మనిషి అందరితో మెత్తగా మాట్లాడుతూ కూర్చుంటే పని సాగదు.

గ్రీన్ అంటే జెండా పాతి ఉండే గుండ్రటి చోటు. బంతి దొర్లుకుంటూ వెళ్ళి గుంటలో పడేది అక్కడే. అక్కడి గడ్డిని బియ్యపుగింజంత ఎత్తు కూడా పెరగనివ్వం, రోజూ కోస్తాం. అంత పొట్టిగా కోయించుకుంటూ బతకమంటే ఏ మొక్కకైనా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకాలి. ఎండలు తగ్గుముఖం పట్టగానే మట్టిలో వేలెడు లోతు రంధ్రాలు పొడిచి, ఊపిరాడటానికి ఇసుక నింపుతాం. వానలకు ముందు ఎరువు తగ్గిస్తాం. వానలు పడ్డాక సాయంత్రం పూట చుక్క నీళ్ళు పెట్టం. ఇవన్నీ చేసినా బూజు తెగులు ఎప్పుడు ఏ మూల నుంచి వస్తుందో చెప్పలేం. దాని కోసం కాచుకుని కూర్చోవడమే నా ఉద్యోగం.

ఈ పని నాకు నేర్పింది మా మావయ్య. ముప్ఫై ఆరేళ్ళు ఈ మైదానానికి ఆయనే పెద్దమేస్త్రి. నేను వ్యవసాయం చదువుకుని ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. తెగుళ్ళ పేర్లన్నీ గడగడా అప్పజెప్పగలిగేదాన్ని. గడ్డి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూడమన్నది మాత్రం ఆయనే. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీ నాకొచ్చింది. ఆయనకు కుర్చీ పోయింది గానీ అలవాటు పోలేదు. రోజూ సూర్యుడు రాకముందే నాతో పాటు బయల్దేరేవారు. చేతిలో రెండు నిలువుల పొడవున్న సన్నటి బెత్తం ఉండేది. దాన్ని గడ్డి మీద అటూ ఇటూ ఊపుతూ మంచు దులిపేవారు. ఆకు మీద తడి ఎంతసేపు నిలిస్తే బూజుకు అంత విందు. మంచు దులిపితే సగం జబ్బు రాకముందే పోతుంది. తొమ్మిది గ్రీన్‌లూ దులిపేసరికి గంటన్నర పట్టేది. ఆ గంటన్నర కోసమే ఆయన మిగతా రోజంతా గడిపేవారని నా నమ్మకం. పనివాళ్ళ లిస్టులో ఆయన పేరు లేకపోయినా మా క్లబ్బు సెక్రటరీగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఇక మా ఆయన. బస్సు డ్రైవరు. ఆయనకు గడ్డి పేరెత్తితే గిట్టదు. చిన్నప్పుడు ఒళ్ళంతా తట్టు పోసి, మూడు రోజులు జ్వరంతో మూలుగుతుంటే, అదే వారం మైదానంలో తెగులు వచ్చిందని మావయ్య ఇంటి మొహం చూడలేదట. "మా నాన్నకు ఇద్దరు పిల్లలు, నేనూ గడ్డీ. ముద్దుల బిడ్డ గడ్డే" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వులో చిన్న ముల్లు ఉండేది. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మైదానం గేటు దాటి లోపలికి రాలేదు. ఎప్పుడైనా నన్ను తీసుకొచ్చినా గేటు దగ్గరే దింపి, బండి తిప్పుకుని వెళ్ళిపోయేవాడు.

ఈసారి వానలకు ముందు నాకు జ్వరం పట్టుకుంది. శనివారం పడుకున్నదాన్ని మంగళవారం లేచాను. మధ్యలో రెండు రోజులు ఏం జరిగిందో సరిగ్గా గుర్తు లేదు. ఎవరో నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నట్టు మాత్రం తెలిసేది. అంతకు ముందే మావయ్యా నేనూ కూర్చుని ఎరువు లెక్క వేసుకున్నాం. ఎనిమిది గ్రీన్‌లకు పలచగా వేయాలి, ఏడో దానికి అసలు వద్దు. ఏడు పల్లంలో ఉంది, నీళ్ళు నిలుస్తాయి. వానల ముందు దానికి ఎరువు పెడితే గడ్డి లేతగా, రసంగా పెరుగుతుంది, తెగులును పిలిచి పీట వేసినట్టే. మా వంటింటి గోడ మీద తొమ్మిది గళ్ళ కాగితం ఒకటి ఉంది. ఎరువు వేసిన గ్రీన్‌కల్లా అందులో టిక్కు పెట్టాం. ఏడో గడి ఖాళీగా వదిలేశాం.

మంగళవారం మా ఆయన పది రోజుల దూరప్రయాణం డ్యూటీకి వెళ్ళాడు. ఆ వెనకే వానలు దిగాయి.

వానలు మొదలైన ఐదో రోజు తెల్లవారగానే ఏడో గ్రీన్ మీద అడుగు పెట్టి ఆగిపోయాను. గడ్డి మీద ముదురాకుపచ్చ గీతలున్నాయి. ఎరువు బండి వెడల్పున, ఒకదాని పక్కన ఒకటి, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కి. పల్లపు వైపైతే ఎవరో దూది ఏకి పారేసినట్టు తెల్లటి బూజు. వేలితో తాకి చూశాను. కింద గడ్డి నల్లబడి, నూనె అంటినట్టు జిడ్డుగా ఉంది.  ఈ తెగులు ఎండా తడీ కలిసిన వాతావరణంలో ఒక్క రోజులో గ్రీన్ మొత్తాన్ని తినేయగలదు.

ఆరుగురినీ పిలిచి అడిగాను. తాము కాదంటే తాము కాదన్నారు. అదే సమయానికి సెక్రటరీగారు గొడుగు వేసుకుని అటుగా వచ్చారు. మంచివాడే, కానీ రూలు అంటే రూలే.

"ఎవరమ్మా ఈ పని చేసింది?" అన్నారు.

నేను గీతల వైపు చూశాను. ప్రతి గీతా తిన్నగా మొదలై, సగం దూరం పోయాక ఎడమకు ఒరిగింది. మా మావయ్య ఎడమ పాదం బయటికి తిప్పి నడుస్తారు. ఆయన ఏ బండి తోసినా ఎడమకే లాగుతుంది. ఆయన మేస్త్రిగా ఉన్న రోజుల్లో గ్రీన్‌కు అడ్డంగా తాడు కట్టి మరీ తోసేవారు. ఈ మైదానంలో ఇంకెవరూ అలా నడవరు.

"ఇంకెవరు సార్, ఇది మా మావయ్య నడక. కళ్ళు మూసుకుని చెప్పగలను" అనేశాను.

నోరు జారాక నాలుక కరుచుకుని లాభం లేదు. అప్పటికే మావయ్య ఆరో గ్రీన్ మంచు దులిపి బెత్తంతో మా వైపే వస్తున్నారు. ఆగి ఆలోచించే ఓపిక నాకు ఎప్పుడుంది కనుక. అందరి ముందే ఒంటికాలి మీద లేచాను.

"ఏడుకి వద్దని మనమిద్దరం కూర్చుని అనుకున్నాం కదా మావయ్యా. నాలుగు రోజులు నేను మంచం పడితే ఇదా మీరు చేసేది? వేసినవాళ్ళు పలచగానైనా వేశారా, ఇంతింత గుమ్మరిస్తారా ఎవరైనా?"

ఆయన గీతల వైపు తిరిగారు. ఒక గీత పక్కన చివరిదాకా నెమ్మదిగా నడిచారు. గీత ఒరిగిన చోట గొంతుక్కూర్చుని, అరచేయి దాని మీద పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తర్వాత లేచి మోకాళ్ళు దులుపుకున్నారు.

"చెయ్యి కాస్త ఎక్కువ పడిందమ్మా" అన్నారు.

సెక్రటరీగారు గొడుగు మడిచారు. "పెద్దాయనా, మీరంటే నాకు గౌరవం. కానీ లిస్టులో లేని మనిషి ఎరువు బండి ఎలా పట్టాడని రేపు కమిటీ అడిగితే నేనేం చెప్పను? రేపట్నుంచి మీరు లోపలికి రాకండి" అన్నారు.

మావయ్య బెత్తం నా చేతిలో పెట్టి గేటు వైపు వెళ్ళిపోయారు. మొహంలో బాధ ఉందేమోనని చూశాను. లేదు. ఏదో దాచుకున్న మనిషిలా ఉన్నారు. తప్పు చేసి ఆ మొండితనం ఏమిటని నాకు ఇంకా మండింది.

మర్నాటి నుంచి ఇంట్లో ఆయన్ని చూడలేకపోయాను. అదే వేళకు లేచేవారు. బూట్లు వేసుకునేవారు. గుమ్మం దాకా వచ్చి, నేను బండి తీస్తుంటే చూసి, మళ్ళీ కూర్చుని బూట్లు విప్పేవారు. మూడో రోజుకు మా బాల్కనీలో పూలకుండీల్లో ఉన్న మొక్కలన్నీ కత్తెరతో ఒకే ఎత్తుకు కోసేశారు. నాలుగో రోజు పక్కింటావిడ వచ్చి, "మీ మావగారు మా కుండీలు కూడా కోసిపెట్టారు, అడగలేదు కానీ బాగానే ఉన్నాయి" అని చెప్పి వెళ్ళింది. అన్నం మాత్రం రెండు ముద్దలతో లేచిపోయేవారు. నా కోపం రెండో రోజుకే చల్లారిపోయింది. కానీ ఆ మాట నోటితో చెప్పడానికి నాకు అహం అడ్డొచ్చింది.

ఏడో గ్రీన్ మీద యుద్ధం మాత్రం ఇద్దరం కలిసే చేశాం. ఆయన వంటింటి బల్ల దగ్గర, నేను మైదానంలో.

"మందు ఎప్పుడు కొట్టారు?" అని అడిగేవారు నేను రాగానే.

"గాలి ఆగాక, పది గంటలకు."

"తడిగా ఉండగా కోయలేదు కదా?"

"ఎందుకు కోస్తాను మావయ్యా, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసులే. ఏడు కోసిన యంత్రం కడక్కుండా ఎనిమిది మీదికి పోనివ్వకు. చెప్పులు కూడా." గ్లాసులో నీళ్ళు వేలితో తీసి బల్ల మీద రెండు గుండ్రాలు గీసేవారు. "వాలు ఇటుంది చూడు. నీళ్ళతో పాటే ఎనిమిదికి దిగుతుంది. మధ్యలో జానెడు లోతు కాలవ తీయించు, నీళ్ళన్నీ పక్కకు మళ్ళించు."

కాలవ తీయించాను. ఎనిమిది బతికింది. ఏడులో పల్లపు సగం పోయింది, పై సగం నిలిచింది. కానీ పొద్దున్నే మంచు దులపడానికి నాకు మనిషి లేడు. పనివాళ్ళు తాడు లాగి దులిపారు, అది ఆకును నలిపేసింది. నేనే బెత్తం పట్టాను. తొమ్మిది గ్రీన్‌లకు నాకు మూడు గంటలు పట్టింది, భుజాలు పడిపోయాయి. ఆ మనిషి ఈ వయసులో రోజూ ఇదంతా గంటన్నరలో చేసి, మళ్ళీ నాకే టీ పోసి ఇచ్చేవారు. అది తలుచుకుని బెత్తం పట్టుకునే ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

ఆ రోజే సెక్రటరీగారి గదికి వెళ్ళాను. "సార్, తప్పు నాది. నేను చూసుకోవాల్సింది. ఆయన్ని రానివ్వండి. మైదానం లేకపోతే ఆయన మనిషిగా మిగలరు" అన్నాను.

"నేనేదో ఊహించి అనలేదమ్మా. ఆయన నడక అని చెప్పింది మీరేగా. ఆయనా ఒప్పుకున్నారు" అన్నారాయన. నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి వచ్చేశాను.

వెళ్ళిన పదో రోజు మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. బాల్కనీలో కుండీల ముందు కూర్చున్న తండ్రిని చూసి, వంటింట్లోకి వచ్చాడు.

"నాన్నకు ఒంట్లో బాలేదా? ఈ వేళప్పుడు ఇంట్లో ఉన్నాడేంటి? సగం మనిషి అయిపోయాడు" అన్నాడు.

చెప్పాను. గీతల సంగతి, సెక్రటరీ సంగతి, అంతా. చెబుతుంటే కోపం మళ్ళీ ఎక్కింది. "ముప్ఫై ఆరేళ్ళు చేసిన మనిషి, ఏడుకి వద్దని తనే చెప్పిన మనిషి, పోయిపోయి ఏడుకే వేస్తారా? అదీ రెండింతలు" అన్నాను.

మా ఆయన చేతిలోని మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. తాగలేదు.

"ఏడుకి వద్దా?" అన్నాడు.

"వద్దు."

"మరి గోడ మీద కాగితంలో ఖాళీగా ఉంది కదా. నీకు జ్వరం వచ్చి అదొక్కటీ మిగిలిపోయిందనుకున్నాను." గొంతు బాగా తగ్గిపోయింది. "సోమవారం ఎవరూ రాకముందే, డిపోకు వెళ్తూ నీ సంచిలోంచి మైదానం తాళాలు తీసుకెళ్ళి నేనే వేశాను. కాస్త ఎక్కువ వేస్తే నీకు ఇంకోసారి పని తప్పుతుందనుకున్నా."

  నా గొంతు ఇల్లు ఎగిరిపోయేలా లేచింది. "మీరా? మైదానం గేటు దాటని మీరా? నన్ను ఒక్క మాట అడగడానికేం? తాళాలు ఎత్తుకెళ్ళి ఎరువు చల్లి, నోరు మూసుకుని బస్సెక్కి పోతారా? ఎవరు చెప్పారు మిమ్మల్ని గడ్డి జోలికి పొమ్మని?"

"ఎవరూ చెప్పలేదు. నీకు ఒళ్ళు కాలిపోతోంది, గ్రీన్‌లు గ్రీన్‌లు అని కలవరిస్తున్నావు. నాన్న నీ మంచం దగ్గర్నుంచి కదల్లేదు. గుడ్డ తడిపి వేయడం, మాత్ర మింగించడం, మళ్ళీ గుడ్డ. మూడు రోజులు మైదానం వైపు తల తిప్పలేదు. అట్లా కూర్చుంటాడని నేనెప్పుడూ అనుకోలేదు." గ్లాసు పక్కకు జరిపాడు. "ఆయన నీ దగ్గరుంటే గడ్డి దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలి కదా అనిపించింది. అంతే."

సోమవారం పొద్దున నా నుదుటి మీద గుడ్డ మార్చిన చెయ్యి ఎవరిదో నాకప్పుడు తట్టింది. ఆ చేతినే నేను అందరి ముందు నిలబెట్టి దొంగను చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వెనక్కి తిరిగి చూస్తే మావయ్య కత్తెర పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలీదు.

"నాన్నా, నువ్వెందుకు ఒప్పుకున్నావు? నువ్వు కాదని నీకు తెలుసు కదా" అన్నాడు మా ఆయన.

"అలిసిపోయి వచ్చావు, ముందు అన్నం తిను" అన్నారు మావయ్య. కత్తెర పక్కన పెట్టి కంచం తీశారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం సెక్రటరీగారి గదికి బయల్దేరాం. మా ఆయన గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి అడుగు పెట్టాడు. తండ్రీకొడుకులు ముందు నడుస్తున్నారు, నేను వెనక. పొడవాటి వరండాలో ఆ ఇద్దరి ఎడమ పాదాలూ ఒకేలా బయటికి తిరుగుతున్నాయి. ఇద్దరూ నెమ్మదిగా ఎడమ గోడ వైపు ఒరుగుతూ, మళ్ళీ సర్దుకుని నడుస్తున్నారు. పద్నాలుగేళ్ళుగా ఈ మనిషిని బస్సు సీట్లో చూశాను, బండి మీద చూశాను, కుర్చీలో చూశాను. నడుస్తుంటే వెనక నుంచి ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. కళ్ళు మూసుకుని చెప్పగలనట. నా మొహానికి.

మా ఆయన చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. సెక్రటరీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నావైపు ఒకసారి చూశారు. నేను తల దించుకున్నాను.

"మీరు ఇంకెప్పుడూ ఎరువు బండి ముట్టుకోకండి" అన్నారు మా ఆయనతో. తర్వాత మావయ్య వైపు తిరిగి, "పెద్దాయనా, మీరు లేక ఐదారు రోజులుగా గ్రీన్‌ల మీద నా బూట్లు తడిసిపోతున్నాయి. రేపట్నుంచి రండి. లిస్టులో మీ పేరు నేనే రాస్తాను" అన్నారు.

మా ఆయన డిపోకు వెళ్ళిపోయాడు. మావయ్య, నేను ఏడో గ్రీన్ దగ్గరకు వచ్చాం. అక్కడ పనివాడు గడ్డి పెకిలించే యంత్రం సిద్ధం చేసుకుంటున్నాడు. పల్లంలో పోయిన సగంతో పాటు, పై భాగంలో మిగిలిన మూడు గీతల్ని కూడా తీసేసి కొత్త గడ్డి పరచమని నేనే చెప్పాను. ఎరువు ఎక్కువైన గడ్డికే తెగులు ముందు సోకుతుంది. అది ఆయనకూ తెలుసు.

"నన్ను క్షమించండి మావయ్యా. అందరి ముందు అన్నేసి మాటలన్నాను. వీటిని చూడగానే మీకు తెలిసిపోయింది కదూ? ఆ పూటే మీ అబ్బాయి చేశాడని ఒక్క మాట అనొచ్చు కదా" అన్నాను.

ఆయన పై గీత ఒరిగిన చోట కూర్చున్నారు. మళ్ళీ అదే చోట అరచేయి పెట్టారు.

"వాడికి తట్టు పోసినప్పుడు నేను ఇదే గ్రీన్ దగ్గరున్నానమ్మా. అప్పుడే అనుకున్నా, వీడు ఇంక ఈ గడ్డి మొహం చూడడని. చూడలేదు కూడా. ఆ రోజు నువ్వు కోప్పడుతుంటే వీటిని చూశాను. ఇటు చివర్నుంచి అటు చివరిదాకా వాడే. నా నడకే నడిచాడు. ఎంత నిండుగా వేశాడో చూడు." చేత్తో గీతను నిమిరారు. "వాణ్ణి నువ్వు తిడతావనీ, వాడు మళ్ళీ ఇటు రాడనీ భయమేసింది. నన్ను తిడితే ఏమవుతుంది? నేను పాతవాణ్ణే."

 పనివాడు యంత్రం తోసుకుంటూ వచ్చి, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగాడు. కింది నుంచి మొదలుపెట్టి, రెండు గీతలు తీసి ఆగిపొమ్మన్నాను.

"మూడోది వద్దా మేడమ్? దానికీ ఎరువు ఎక్కువే ఉంది కదా, తెగులు పట్టదా?" అన్నాడు.

"పడితే అప్పుడు చూసుకుంటాం. అది మా ఆయన నడిచిన దారి, అలా ఉండనీ" అన్నాను.